బిర్రు గేరు

"ఇంకా పడలేదా గేరు?" అందామె, ఒళ్లో నిద్రపోతున్న పాపను దగ్గరికి హత్తుకుంటూ.

"పడుతుందిలే! కొత్త బండి కదా, కాస్త బిర్రుగానే ఉంటుంది." భర్త బ్రేకు తొక్కి, పార్కింగ్ గేరు కోసం రెండు చేతులా కడ్డీని నెట్టాడు. కొండవాలు మీద, తోట గేటు ముందు, ఆ రెండు సీట్ల బండి ముక్కు పైకెత్తి నిలబడింది. వెనకంతా లోయ.

"జారదు కదండీ?"

"గాలి వీచినా నీకు భయమే. వారం నుంచి తిప్పుతున్నాను, ఎక్కడైనా జారిందా?"

నవ్వుతూ దిగాడు. గేటు వైపు మాత్రం వెళ్లలేదు. బండి వెనక్కి నడిచి, గట్టు పక్కనున్న రాయిని కాలితో దొర్లించి, చూడకుండానే చక్రం కింద సర్దాడు. ఆ గట్టు మీద అలాంటివే ఇంకో నాలుగు పేర్చి ఉన్నాయి. వాటిలో రెండు మధ్యకు పగిలాయి.

ఆమె వాటిని పక్క అద్దంలో చూసింది. గేరు నిలవదని ఈయనకు వారం నుంచీ తెలుసు.

చప్పుడు కాకుండా పాపతో కిందికి దిగింది.

"ఎందుకు దిగావ్?" అన్నాడతను, చక్రం వెనకనుంచే.

"చెప్తాను. ముందు మీరు ఇవతలికి రండి," అంది, గొంతు పెంచకుండా.

"వస్తాలే," అంటూ అతను ఇంకో రాయి కోసం వంగాడు.