పొత్తు విమానంలో సారె

రెండు కంపెనీలు పొత్తు కలిసి చిన్న చిన్న జెట్లు చేయడం మొదలెట్టాక, బొబ్బిలి సంత పక్కన ఆటోలు ఆగినట్టే విమానాలు ఆగుతున్నాయి. ముక్కు ఒక కంపెనీది, తోక ఇంకో కంపెనీది. అందుకే ఒక్కో విమానానికి గొంతులు రెండు.

కూతురి సీమంతానికి సారె గంపలతో అచ్చియ్యమ్మ ఆదోని విమానం ఎక్కింది. "సారె మోసేకి మీకెవరున్నారు వదినా?" అని ఫోన్‌లో వియ్యపురాలు దెప్పిన మాట ఆమెకింకా గుచ్చుకుంటూనే ఉంది.

గంపలు వెనక పెడితే, "బరువెక్కువైంది, కదలను" అంది తోక. ముందుకు జరిపితే ముక్కు కూడా అదే మాట అంది.

"పెళ్లిలో వియ్యంకుల్లాగ ఏటర్రా మీ పంతాలు?" అంది అచ్చియ్యమ్మ.

"గంపలు దింపీ పిన్నీ, ముహూర్తం దాటిపోద్ది" అన్నాడు పైలట్ సన్యాసిరావు.

"సారె దింపీడమేటి బాబూ? సారె అంటేనే పంచుకునేది" అంటూ ఆమె గంపలు విప్పి, ముందు నుంచి వెనక దాకా కూర్చున్న ప్రయాణికుల ఒక్కో ఒళ్లో ఒక్కో పళ్లెం పెట్టేసింది. అరిసెలు, చిమ్మిలి, సున్నుండలు, గాజులు. బరువు సమానమైంది. రెండు గొంతులూ ఒకేసారి "బయల్దేరదాం" అన్నాయి.

ఆదోనిలో దిగాక పళ్లేలు ఎవరూ తిరిగివ్వలేదు. "ఇంటి దాకా మేమే తెస్తాం పదండి" అన్నారు.

వియ్యపురాలు గుమ్మంలోకి వచ్చేసరికి వీధి పొడుగునా సారె వరస కట్టింది. చివరన సన్యాసిరావు, నెత్తిన చలిమిడి బిందెతో.

"ఇంతమంది యాడ్నుంచి వచ్చిరి వదినా?" అందావిడ నోరు తెరిచి.

"ముక్కు వేపోళ్లు కొందరు, తోక వేపోళ్లు కొందరు" అంది అచ్చియ్యమ్మ. "అందరూ మావోళ్లే."