పేరు లేని మొగ

రెండువేల డెబ్భైయొకటి నవంబరు పదిహేడున, ఉప్పుటేటి గట్టు మీది రేకుల షెడ్డులో ఇద్దరున్నారు: నీటిదారుల పట్టిక రాసే గుమాస్తా శేషాచలపతి, పడవల పెద్ద ఓలేటి నూకాలమ్మ. తుపానుకు, ఏరు సముద్రంలో కలిసే పాత మొగ ఇసుకతో పూడిపోయి, అరమైలు ఉత్తరాన కొత్త మొగ పడింది. వాటంతటవే నడిచే పడవలు పట్టికలో పేరు లేని నీటిలోకి రావు. మనిషి పట్టే చుక్కానులు తీసేసి ఇరవయ్యేళ్లయింది. నూకాలమ్మ కూతురున్న పడవ పొద్దుటి నుంచి మొగ బయట అలల్లో గిరగిరా తిరుగుతోంది. గాలి పెరుగుతోంది.

“ఏదో ఒక పేరు చెప్పమ్మా. ‘కొత్త మొగ’ అంటే పట్టిక ఒప్పుకోదు, ఆ పేరువి ఇప్పటికే నలభై ఉన్నాయి.”

“మొగలో ముందు మునిగినోళ్ల పేరే పెడతామండి. పాతదానికి మా మావ పేరు. దీంట్లో ఇంకా ఎవరూ పోలేదు కదండీ.”

“మీ అమ్మాయి పేరు రాయనా?”

నూకాలమ్మ అతని చేతిలోని కలం లాక్కుంది. “బతికున్నోళ్ల పేరెడితే, ఆళ్లనే అడుగుద్దండి ఏరు. ఇంత సదూకున్నారు, తెలీదేటండీ?”

శేషాచలపతి కిటికీలోంచి ఆ పడవను కాసేపు చూశాడు.

“నా పేరు పెడతాను. నాకీ నమ్మకాలు లేవు.”

“ఇంటికెలా ఎళ్తారండీ?” అందామె మెల్లగా.

రోడ్లన్నీ మునిగిపోయాక అతని ఊరికి ఉన్నది ఆ మొగ దారే. అతను కలం కోసం చెయ్యి చాచాడు. పట్టికలో తన పేరు రాశాడు. బయట పడవ ముక్కు గట్టు వైపు తిరిగింది. అతను నకలు కాగితం కింద సంతకం పెట్టి, దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇంటికి పట్టుకెళ్లే నీళ్లు చొరని సంచిలో అడుగున దాచాడు.