రెండో ఫిల్టరు

వ్యాను షెడ్డులోకి వస్తుండగానే మేస్త్రీ ముక్కుకి కమురు వాసన తగిలింది.

"గేర్‌బాక్సు ఉడికిపోతోందమ్మా," అన్నాడు, డ్రైవరు సీట్లోంచి దిగుతున్న ఆవిడతో.

అందుకే వచ్చానందామె. రోజూ పిండి బస్తాలతో కొండ రోడ్డు ఎక్కే బండి. ఆటోమేటిక్ గేర్లు. ఎత్తుకి లాగి లాగి గేర్‌బాక్సు ఆయిలు నల్లబడిపోతోంది. లోపలున్న ఒక్క ఫిల్టరు చాలడం లేదు, బయట ఇంకోటి బిగించాలి. ఫిల్టరు, పైపులు, క్లిప్పులు అన్నీ తనే సంచిలో వేసుకొచ్చింది.

మేస్త్రీకి ముచ్చటేసింది. బండి ఎలాగోలా కదిలితే చాలనే వాళ్లే తప్ప, చెడకముందే కాచుకునే వాళ్లని చూసి ఎన్నాళ్లయిందో.

"ఇది నీకెవరు చెప్పారమ్మా?"

ఆమె వ్యాను వైపు చూసింది. సీటు వెనక అడ్డంగా మందపాటి తెర కట్టి ఉంది.

"లోపల పేషెంటున్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తున్నాను. ఆయనే చెప్పారు. వెలుతురు పడదు, తెర మాత్రం తీయకండి."

ఆస్పత్రి దగ్గర షెడ్లే లేనట్టు ఇంత దూరం ఎందుకొచ్చారన్నాడు మేస్త్రీ. దారిలో ఎన్ని కనబడినా ఇక్కడికే పొమ్మన్నారట. ఆ మాటకి మేస్త్రీ ఒళ్లు పొంగింది. పేషెంటుని దించి లోపల గదిలో పడుకోబెడదామన్నాడు. కదపకూడదంది ఆమె.

సరేనని బండిని అలాగే, అడుగున దిగి పనిచేసే గుంత మీదికి తెప్పించాడు. ఇంజను చల్లారేదాకా ఆమె పక్క తలుపు దగ్గరే నిలబడి, చెంచాతో లోపలికి నీళ్లు అందిస్తూ షెడ్డంతా కలయజూసింది. కొత్త చోటుకి వచ్చిన మనిషి చూసే చూపు కాదది. మేస్త్రీ పట్టించుకోలేదు.

గుంతలోకి దిగాడు. నెత్తిమీద వ్యాను అడుగు రేకు. రేకు పైన పరుపు మీద పడుకున్న మనిషి ఊపిరి తీసే చప్పుడు కూడా వినబడుతోంది.

ఆయిలుని చల్లబరిచే కూలరు నుంచి అది గేర్‌బాక్సుకి తిరిగొచ్చే పైపు పట్టుకుని, ఫిల్టరు కోసం ఎక్కడ కోయాలా అని చూస్తుంటే పైనుంచి కబురొచ్చింది. పేషెంటుకి గొంతు పెగలదు. ఆయన గుసగుసలు చెవి ఒగ్గి విని ఆమె చెబుతోంది. సైలెన్సరు పక్కన వద్దట, వేడికి పైపు పాడవుతుందట.

"అంత తెలిసినాయన లేచొచ్చి స్పానరు పట్టుకోమను," అన్నాడు మేస్త్రీ.

రేకు మీద వేలితో టకటకా కొట్టిన చప్పుడు. నవ్వినట్టే ఉంది. మేస్త్రీ కూడా కిందినుంచి స్పానరుతో టకటకలాడించాడు.

ఇక ఇద్దరికీ జత కుదిరింది. ఫిల్టరు మీది బాణం గుర్తు గేర్‌బాక్సు వైపే ఉందా అని పైనుంచి ప్రశ్న. ఉంది మహాప్రభో అని కిందినుంచి జవాబు. క్లిప్పు స్క్రూ చేతికందేలా పెట్టాలట, రేపు విప్పేవాడు తిట్టుకోకుండా. సరిగ్గా మేస్త్రీ చేయబోతున్నదీ అదే.

రోజంతా తనలో తనే గొణుక్కుంటూ పనిచేసే మనిషి. ఆ పూట అతనికి పని పనిలా లేదు.

ఇంజను ఆన్ చేయించి పైపులు తడిమి చూశాడు. చుక్క కారలేదు.

"మీ పేషెంటు పనిమంతుడమ్మా. కోలుకున్నాక నా దగ్గరికి పంపు. ఇద్దరం కలిసి చేసుకుంటాం."

పైన గుసగుస.

"మీరొక్కరేనా ఇక్కడ, నా అనేవాళ్లెవరూ లేరా అని అడుగుతున్నారు."

"తమ్ముడుండేవాడు. పోయాడు."

"పోయాడంటే?"

"నాకు మాటైనా చెప్పకుండా ఎవత్తినో కట్టుకుని పోయాడు. నా వరకు వాడు చచ్చినట్టే."

అది అడిగిన వాళ్లందరికీ అతను చెప్పే మాటే. ఏళ్ల తరబడి అని అని నోటికి అలవాటైపోయింది. తమ్ముడి వాటంతో ఎవరైనా గేటు దగ్గర కనబడితే చేతిలో పని ఆగిపోతుందన్నది మాత్రం ఎవరికీ చెప్పడు.

అతను పైకొచ్చేసరికి ఆమె బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. పేషెంటుని పలకరిద్దామని తెర వైపు వంగబోయాడు. ఆయనకి నిద్ర పట్టిందంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. రోగితో తిరిగేవాళ్లకి నిద్రెక్కడిదిలే అనుకున్నాడు మేస్త్రీ. ఆయన్ని జాగ్రత్తగా చూసుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాడు.

ఆ తర్వాత చాలా రోజులు గుంతలోకి దిగినప్పుడల్లా ఆ టకటకలే గుర్తొచ్చి నవ్వుకునేవాడు. ఆ మనిషి నిజంగానే వస్తాడేమోనని, ఏళ్లుగా పాత సామానుతో నిండి ఉన్న రెండో బల్లని ఖాళీ చేసి తుడిచి పెట్టాడు.

ఫిల్టరు మార్చే వేళకి వ్యాను మళ్లీ వచ్చింది. కమురు వాసన లేదు. సీటు వెనక తెరా లేదు. అన్నీ బస్తాలే.

"ఏడమ్మా మన పనిమంతుడు? లేచి తిరుగుతున్నాడా?"

"పోయారు. ఇక్కణ్ణుంచి వెళ్లిన వారానికే. ఫిల్టరు మాత్రం ఎప్పుడూ మీ చేతే మార్పించమన్నారు."

మేస్త్రీ చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ముఖమైనా చూడని మనిషి కోసం ఇంత బాధపడటం అతనికే వింతగా ఉంది. ఆ రోజు ఒక్కసారి తెర తీసి ఉంటే చెయ్యి పట్టుకుని పలకరించేవాణ్ణమ్మా అన్నాడు.

ఆమె తల వంచుకుంది.

"ఆయన వచ్చిందీ అందుకే. పనయ్యాక తెర తీయమన్నారు. తమ్ముడి గురించి మీరన్న మాట విన్నాక, వద్దులే, ఇక పోదాం పద అన్నారు, బావగారూ."