గోడ మీది నురగ

ఊళ్ళో ప్రతి మరుగుదొడ్డీ ఇప్పుడు కిడ్నీల సంగతి చెప్పేస్తుంది. పొద్దున్నే ఒంటేలు పోస్తే, నర్సమ్మకు కనబడేలా వీధి గుమ్మం మీద పచ్చదో ఎర్రదో దీపం వెలుగుతుంది. ఎర్రది వెలిగితే పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని మగాళ్ళంతా ఆసుపత్రి వెనక గోడకు చేరతారు.

ఆ గోడ కడిగే పని పైడితల్లిది. ‘ముందే పరీక్ష చేయించుకోండి’ అని గోడ మీద రాసిన అక్షరాలు ఉచ్చకు ఉబ్బి రాలుతున్నాయి. ఆ కంపుకు ఆమెకు అన్నం సయించడం లేదు.

ఇవాళ అక్కడ నిలబడినవాడు కూర్మారావు. ఆ దీపాల మరుగుదొడ్లను ఇంటింటా పెట్టించిన అధికారి.

“తవరూ ఇక్కడికేనేటి బాబూ?”

“అమ్మాయికి సంబంధం కుదిరేలా ఉంది. ఎవరితోనూ అనకు.”

పైడితల్లి చీపురుతో గోడ మొదలు చూపించింది. అక్కడ తెల్లటి నురగ ఎంతకీ అణగడం లేదు.

“మా ఇంటాయనకీ ఇలాగే నురగ కట్టీది బాబూ. అప్పుడీ దొడ్లు నేవు. తెలిసీసరికి రెండు కిడ్నీలూ పోనాయి, మనిసీ పోనాడు.”

కూర్మారావు నురగ మీదికి వంగి చూశాడు.

ఆమె బకెట్టెడు నీళ్ళు గోడకేసి కొట్టింది. అతని బూట్లు తడిసినా ఆమె పట్టించుకోలేదు.

“కన్నేదానానికి పీటల మీద కూకోవాలంటే తండ్రి బతికుండాల. రేప్పొద్దున ఇంటికాడే పొయ్యండి.”