అమ్మ తలగుడ్డ

బేకరీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని తల్లి కూతురి ఇంటికి వచ్చేసరికి, చిత్రకారిణి అయిన ఆ కూతురు తల్లి బొమ్మ వేయడానికి కుంచెలతో సిద్ధంగా ఉంది. తల్లి గుమ్మం అవతలే తలగుడ్డ విప్పి సంచిలో కుక్కి, లోపలికి వచ్చి దువ్వెన తీసింది.

"దువ్వుకోకమ్మా! తలగుడ్డ కట్టుకునే కూర్చో. రేపటి ప్రదర్శనలో అన్నీ పనిచేసే ఆడవాళ్ల బొమ్మలే. నీకు ఆ గుడ్డే కిరీటం."

"పిండి రాలే కిరీటం ఎక్కడైనా చూశావా?" తల్లి పకపకా నవ్వింది. "నలుగురూ చూసే బొమ్మ. కాస్త వయసు తగ్గి కనిపించాలి. వేస్తే జుట్టుతో వెయ్యి, లేదంటే ఇంటికెళ్లి హాయిగా పడుకుంటాను."

కూతురు బతిమాలింది. అలిగింది. చివరికి కుంచె కింద పెట్టేసింది.

"బేకరీలో రోజూ కట్టుకునే గుడ్డని, నా ముందు ఒక్క గంట కట్టుకుంటే ఏం పోతుందమ్మా?"

తల్లి దువ్వడం ఆపింది. "మూడో తరగతిలో నువ్వే చెప్పావు కదే, బడి గేటు దగ్గరికి తలగుడ్డతో రావద్దని, పిల్లలు నవ్వుతున్నారని. అప్పట్నుంచి నీ కంటపడేలోపే తీసేస్తున్నాను. అలవాటైపోయింది, అంతే."

కూతురు లేచి వచ్చింది. సంచిలోంచి గుడ్డ తీసి దులిపింది. గదంతా పిండి లేచి ఇద్దరూ తుమ్మారు. ఆ గుడ్డను తల్లి తలకు తనే చుట్టి ముడి వేసింది.

"అయ్యో, ఈ ముడి పది నిమిషాలు కూడా నిలవదే! ఇలా చూడు" అంటూ తల్లి ఆ ముడి విప్పి, ఇన్నేళ్లకు కూతురి కళ్లెదుటే తలగుడ్డ బిగించి కట్టుకుంది.