గాజు కప్పు కింద పుట్టిల్లు

"నువ్వు హోటల్లోనే ఉండు అమ్మమ్మా. టీవీలో చూడొచ్చు" అంది మనవరాలు.

"సముద్రం దాటి వచ్చింది టీవీ చూడ్డానికా?" అమ్మమ్మ చెప్పుల పట్టీ బిగించుకుంది. "నేను పుట్టిన చోటు. ఒక్కసారి చూసి పోతాను."



కత్తిసాములో ప్రపంచ పోటీలు ఏటా ఒక్కో దేశంలో జరుగుతాయి. ఆ పిల్ల మొదటిసారి ఫైనల్‌కి చేరిన ఏడే అవి ఈ హాల్లో పడ్డాయి. వేదిక ఎక్కడో తెలిసిన రోజు అసలు పోటీయే మానేస్తానని ఏడ్చింది. అమ్మమ్మే కేకలేసింది. "వాళ్ళు పిలిచారు, నువ్వు వెళ్తున్నావు. దర్జాగా వెళ్ళు."

హాలు నూటయాభై ఏళ్ళ నాటిది. ఇనప స్తంభాలు, పైన గాజు కప్పు. తాతల కాలంలో దేశదేశాల ఎగ్జిబిషన్లు జరిగిన చోటు. ఇప్పుడు మధ్యలో పొడవాటి వేదిక వేసి, చుట్టూ మెట్లు మెట్లుగా కుర్చీలు పేర్చారు. గాజులోంచి ఎండ తిన్నగా వేదిక మీద పడుతోంది.

గుమ్మం దగ్గర హాలు అధ్యక్షుడు ఎదురొచ్చాడు. కోటు జేబులో పట్టు రుమాలు, నోట్లో హాలు గొప్పలు.

"రండి పెద్దమ్మగారూ! ఈ కప్పు కింద ప్రదర్శనకి పెట్టని వస్తువు భూమ్మీద లేదు. ఇలాంటి హాలు మీరు ఎప్పుడూ చూసుండరు."

"చూశాను. కాకపోతే గుర్తులేదు. పుట్టింది ఇక్కడే."

"ఇక్కడంటే... ఈ ఊళ్ళోనా?"

"ఈ హాల్లో. ఆ మూల స్తంభం పక్కన అని అమ్మ చెప్పేది."

అధ్యక్షుడు తెరిచిన నోరు మూయడం మర్చిపోయాడు. "అయితే మీ అమ్మగారు ఇక్కడే పనిచేసేవారన్నమాట!"

"పొద్దున తలుపులు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా."

"ఏం పని చేసేవారు?"

"వంట."

"ఓహో! ఎగ్జిబిషన్‌లో వంట! జనం బాగా వచ్చేవారా?"

"ఇసకేస్తే రాలనంత. నేను పుట్టాక ఇంకా పెరిగారట."

"మీ కాలు మంచిదన్నమాట!" అంటూ ఆయన పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. స్వయంగా చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టాడు. వీపు వెనక దిండు కూడా సర్దాడు. అమ్మమ్మ కాదనలేదు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పే మనిషి. అడగనిదానికి నోరు విప్పే అలవాటు లేదు.

ఆటకి ముందు మనవరాలు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఇంతమంది కళ్ళు అమ్మమ్మా! ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుంది."

"మా అమ్మకీ అలాగే ఉండేదట. అప్పుడేం చేసేదో తెలుసా? ఒక్కొక్కళ్ళనీ ఎంచుకుని, కళ్ళలోకి తిరిగి చూసేదట. వాళ్ళే తల తిప్పుకునేవాళ్ళట."

పిల్ల లేచి, ముఖానికి ఇనపజాలి ముసుగు తొడుక్కుంది.

ఎదురుగా ఉన్నది ఆ దేశపు పిల్లే, కిందటేటి విజేత. హాలు హాలంతా ఆమె వైపే. ఒక్కో పాయింటుకీ గాజు కప్పు అదిరేలా కేకలు. మనవరాలు వెనక్కి, ఇంకా వెనక్కి జరిగింది. కత్తి ఎత్తే లోపే దెబ్బ తగులుతోంది. విరామం వచ్చేసరికి చాలా వెనకబడిపోయింది.

ముసుగు తీసింది. చెమట తుడుచుకోలేదు, మంచినీళ్ళు తాగలేదు. వేదిక అంచున నిలబడి జనం వైపు తిరిగింది. ఒక వరస, తర్వాత ఇంకో వరస, తాపీగా అందరినీ చూసింది. కేకలు వేస్తున్నవాళ్ళు ఎందుకో కాస్త తగ్గారు.

ఆ తర్వాత ఆడింది వేరే పిల్ల. అడుగు వెనక్కి పడితే ఒట్టు. చూస్తుండగానే లెక్క సమానమైంది. ఇద్దరికీ మిగిలింది ఒకే ఒక్క పాయింటు. రెండు కత్తులూ కలిశాయి, విడిపోయాయి. మనవరాలి కత్తి మొన అవతలి పిల్ల భుజం మీద వంగింది. మనవరాలి వైపు గెలుపు దీపం వెలిగింది.

జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమ్మమ్మ కొట్టలేదు. చేతులు ఒళ్ళో బిగించుకుని, పెదవి కొరుక్కుని, ఆ మూల స్తంభం వైపు చూస్తూ ఉండిపోయింది.

పతకం మెడలో పడగానే అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"ఈ విజేత మనకి పరాయిది కాదు! వీళ్ళ అమ్మమ్మగారు పుట్టింది ఈ కప్పు కిందే! ఈ హాలు ఆవిడకి పుట్టిల్లు!"

చప్పట్లు మళ్ళీ మోగాయి. కెమెరాలన్నీ ముందు వరస వైపు తిరిగాయి.

"దయచేసి పైకి రండి పెద్దమ్మగారూ!"

"వద్దులే అమ్మమ్మా, పోదాం పద" అంది మనవరాలు మెల్లగా.

"పిలిచారుగా" అని అమ్మమ్మ ఒక్కో మెట్టే ఎక్కింది.

"వీరి అమ్మగారు ఇక్కడే వంట చేసేవారు" అన్నాడు అధ్యక్షుడు గొంతులో తేనె నింపుకుని. "ఆ వంట రుచి చూసిన జనం ఏమని మెచ్చుకునేవారో మీ నోటితోనే చెప్పండమ్మా!"

అమ్మమ్మ మైకుని రెండు చేతులా పట్టుకుంది.

"రుచి వాళ్ళకెలా తెలుస్తుంది నాయనా, టిక్కెట్టు కొనుక్కుని, కంచె అవతల నిలబడి, అడవిమనుషులు ఎలా వండుకు తింటారో మమ్మల్ని చూసి పోయినవాళ్ళేగా!"