లోపలి గదిలో చప్పుడు

రిపేరు షాపతను ముందు ఫ్యాను కట్టేశాడు. తర్వాత తలుపు మూసేశాడు.

ముసలావిడ గభాలున లేచి నిలబడింది.

"పట్టపగలు తలుపెందుకయ్యా?"

"గాలి రాకుండా అమ్మా."

బల్ల మీద ఆవిడ తెచ్చిన ఆక్సిజన్ మిషన్ విప్పి ఉంది. ఇంట్లో మంచం పట్టిన మొగుడి ఊపిరి దాని మీదే. ప్రస్తుతానికి అద్దె సిలిండరు పెట్టొచ్చింది. అదీ సాయంత్రం దాకానే.

"ఇదిగో, ఇది మాడిపోయింది," భూతద్దం కింద బోర్డు చూపించాడతను. చీమంత నల్ల ముక్క, దానికి చీమకున్నట్టే కాళ్లు. "కొత్తది రావాలంటే వారం."

"వారమా! ఆయన పూట కూడా ఆగలేరు నాయనా."

అతను లోపలి గదివైపు చూశాడు. ఆవిడ చెవులు రిక్కించింది. లోపల ఏదో బుస్సు బుస్సుమంటోంది. అచ్చం తన మిషన్ చప్పుడే.

"లోపలెవరున్నారు?"

"ఎవరూ లేరు."

మరి ఆ మిషన్ ఎవరికోసం తిరుగుతున్నట్టు? ఎవరింట్లో కొట్టుకొచ్చాడో!

అతను లోపలికెళ్లాడు. చప్పుడు ఆగింది. చాలాసేపటికి ఒక బోర్డు పట్టుకొచ్చాడు. కళ్లెర్రగా ఉన్నాయి. తాగొచ్చాడు కాబోలనుకుంది ఆవిడ.

పక్క ముక్కలు కదలకుండా టేపు అంటించి, వేడిగాలి గొట్టం పెట్టాడు. టంకం కరగ్గానే మాడిన ముక్కను పట్టకారుతో లేపేశాడు. లోపలి నుంచి తెచ్చిన బోర్డు మీది ముక్కనూ అలాగే లేపి, ఆ ఖాళీలో పెట్టబోయాడు.

"పాతది అంటగడుతున్నావా?"

అతను ఊపిరి బిగబట్టి బోర్డు మీదికి ఇంకా వంగాడు.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా?"

ముక్క అతుక్కున్నాకే అతను ఊపిరి వదిలాడు.

"నోరు తెరిస్తే ఇది ఎగిరిపోతుందమ్మా. పాతదే, బాగా పనిచేస్తుంది."

"దొంగసొత్తు బాగానే పనిచేస్తుందిలే!" అనేసిందావిడ.

అతను బోర్డును మిషన్‌లో బిగించాడు. మిషన్ వేశాడు. బుస్సుమంది. కళ్లు మూసుకుని కాసేపు విని, చేతికిచ్చాడు.

నెల తిరిగినా మిషన్ ఆగలేదు. ముసలాయన లేచి కూర్చుని కూరలో ఉప్పు లేదని పోట్లాడుతున్నాడు కూడా. అయినా ఆవిడకు అనుమానం తీరలేదు. నిలదీద్దామని వెళ్తే షాపుకు తాళం.

"పారిపోయాడా?" పక్క కొట్టు దర్జీని అడిగింది.

"షాపు వదిలేసి వెళ్లిపోయాడు మామ్మగారూ. ఈ మధ్య నిద్ర పట్టట్లేదట."

"దొంగసొత్తు పక్కలో పెట్టుకుంటే నిద్రేం పడుతుంది?"

దర్జీ కుట్టు ఆపాడు.

"సొత్తేమిటి మామ్మగారూ? వాళ్లమ్మ పోయాక కూడా, ఆవిడ ఆక్సిజన్ మిషన్‌ని ఖాళీ మంచం పక్కన నడిపిస్తూ, ఆ చప్పుడు వింటూనే పడుకునేవాడు."